ఊళ్ళో ఇల్లు, సిటీలో ఉద్యోగం: ఎంత దూరం దాకా వెళ్ళొచ్చు?

ఇల్లు చూడటానికి అందరం ఆదివారం పొద్దున్నే వెళ్తాం. రోడ్డు ఖాళీగా ఉంటుంది, మనసు కూడా తేలిగ్గా ఉంటుంది. 48 కిలోమీటర్లు 45 నిమిషాల్లో కొట్టేసి, "ఇంతేనా! సిటీలో ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళాలన్నా ఇంతకంటే ఎక్కువే పడుతుంది" అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని కొనేశాను. నాలుగేళ్ళు ఉన్నాక తెలిసొచ్చింది. నేను కొన్నది ఆదివారం పొద్దుటి ఇల్లు, ఉన్నది మాత్రం సోమవారం సాయంత్రం ఏడింటి ఇంట్లో.

కాబట్టి ఇక్కడ చెట్ల గురించీ గాలి గురించీ ఎక్కువ చెప్పను. అవి లేవని కాదు, వాటి కోసమే కదా వెళ్ళేది. కానీ ఎంత అందమైనా ఆరు నెలల్లో కళ్ళకి అలవాటైపోతుంది. ప్రయాణం అలా అలవాటు కాదు, ఎందుకంటే అది ఏ రోజూ ఒకేలా ఉండదు. ఒక రోజు లారీ అడ్డం పడుతుంది, ఇంకో రోజు రైలు రద్దవుతుంది. అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై అనే ఆర్థికవేత్తలు జర్మనీలో ఏళ్ళ తరబడి ఒకే కుటుంబాలని అడుగుతూ వచ్చిన సర్వేని తీసుకుని 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఆ కష్టానికి బదులుగా మంచి ఇల్లో, మంచి జీతమో దక్కుతుంది కాబట్టి తూకం సరిపోవాలన్నది పుస్తకాల్లో లెక్క. వాళ్ళు చూస్తే సరిపోలేదు. ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద తృప్తి తగ్గుతూనే ఉంది.

అలాగని ప్రయాణమే వద్దని ఎవరూ అనుకోరు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉద్యోగుల్ని "ఆఫీసుకి ఎంతసేపు పడితే బాగుంటుంది" అని అడిగితే వచ్చిన సగటు జవాబు 16 నిమిషాలు. సున్నా అని చెప్పినవాళ్ళు చాలా తక్కువ. ఇంటికీ పనికీ మధ్య కాస్త ఊపిరి తీసుకునే సమయం కావాలి. ఇంటి దగ్గర్నుంచే పనిచేసేవాళ్ళలో కొందరు పొద్దున్నే ఓ చుట్టు నడిచొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చునేది అందుకే.

కిలోమీటర్లు పక్కన పెట్టండి

దూరాన్ని గుమ్మం నుంచి గుమ్మానికి నిమిషాల్లో కొలవండి. ఇంటి తలుపు వేసిన క్షణం నుంచి ఆఫీసు కుర్చీలో కూర్చునేదాకా. కారు తీసి గేటు వేయడం, స్టేషన్ దగ్గర పార్కింగ్ వెతకడం, రైలు కోసం ఎదురుచూడటం, దిగాక నడక, లిఫ్టు దగ్గర క్యూ, అన్నీ అందులోకే వస్తాయి. ఆదివారం 45 నిమిషాల్లో వెళ్ళిన నాకు పనిరోజుల్లో పొద్దున 85, సాయంత్రం 95 నిమిషాలు పట్టేది. రోజుకి మూడు గంటలు. ఏడాదికి 220 పనిరోజులు వేసుకుంటే 660 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీగా మారిస్తే 82 రోజులు పైమాటే. జీతం లేని ఉద్యోగం ఇంకొకటి చేసినట్టు.

ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టీ 1994లో ఒక ఆసక్తికరమైన సంగతి రాశాడు. యాకోవ్ జహావీ అనే రవాణా నిపుణుడు అంతకుముందు చేసిన లెక్కల మీద ఆధారపడి, ఏ కాలంలోనైనా ఏ దేశంలోనైనా మనుషులు రోజుకి సగటున గంటసేపు తిరుగుతారన్నాడు. నడక కాలంలో నగరాలు అయిదు కిలోమీటర్ల వెడల్పుకి మించి పెరగకపోవడానికి కారణం అదే. గంటకి అయిదు కిలోమీటర్ల నడకతో మధ్యలోకి వెళ్ళి తిరిగి రావాలంటే అంతే కుదురుతుంది. వేగం పెరిగినప్పుడల్లా ఊరు పెరిగింది కానీ ఆ గంట మాత్రం పెద్దగా మారలేదు. రోజూ వెళ్ళేవాళ్ళకి ఒకవైపు అరగంట సుఖం, ముప్పావుగంట దాకా ఫరవాలేదు, గంట దాటితే ఇంట్లో ఎవరో ఒకరు దానికి మూల్యం చెల్లిస్తారు. ఇది నా లెక్క. మార్కెట్టీ గంట కూడా దానికి దగ్గర్లోనే ఉండటం చూసి కాస్త ధైర్యం వచ్చింది.

ఇక్కడే అసలు మలుపు ఉంది. వారానికి అయిదు రోజులు ఒకవైపు 30 నిమిషాల చొప్పున వెళ్ళే మనిషి వారానికి 300 నిమిషాలు దారిలో ఉంటాడు. రెండే రోజులు ఒకవైపు 75 నిమిషాల చొప్పున వెళ్ళే మనిషీ సరిగ్గా 300 నిమిషాలే ఉంటాడు. అంటే "ఎంత దూరం" అన్న ప్రశ్నకి ముందు "వారానికి ఎన్నిసార్లు" అన్నది తేల్చుకోవాలి. దానికి జవాబు కాగితం మీద ఉందా, మేనేజరు నోటిమాటా అన్నది కూడా చూసుకోవాలి. నేను ఇల్లు కొన్నప్పుడు మా ఆఫీసులో వారానికి రెండు రోజులు వస్తే చాలన్నారు. ఏడు నెలలకి ఒక మెయిల్ వచ్చింది. రెండు కాస్తా నాలుగైంది. మెయిల్ నాలుగు లైన్లే ఉంది, నా ఇంటి అప్పు ఇరవై ఏళ్ళు ఉంది.

ఆఫీసు మారినా, రూలు మారినా, అయిదు రోజులూ వెళ్ళాల్సి వస్తే ఆ ఇంట్లో ఉండగలరా? ఉండలేరంటే అద్దెకి తీసుకోండి కానీ కొనకండి.

మధ్యలో ఉన్న ఊరు

సిటీలోనే ఉండిపోవడం, రైలు ఆగే చిన్న పట్నం, సిటీకి 20, 25 కిలోమీటర్లలో పల్లె, ఇంకా లోపల నిజమైన పల్లె, వారం రోజులకి సిటీలో గది పెట్టుకుని శని ఆదివారాలు ఊళ్ళో ఇల్లు. మామూలుగా జనం ముందు ఉండే దారులు ఈ అయిదే. నన్నడిగితే రోజూ వెళ్ళేవాళ్ళలో ఎక్కువమందికి రైలు పట్నమే సరైనది. అందరికంటే తక్కువగా దాన్నే చూస్తారు కూడా, ఎందుకంటే దానికి అందం తక్కువ. ఫోటో తీసి పంపితే ఎవరూ కుళ్ళుకోరు.

ఈ పోలిక నూటపాతికేళ్ళ నాటిది. ఇంగ్లండ్ పార్లమెంటులో షార్ట్‌హ్యాండ్ రాసుకునే ఎబెనెజర్ హోవర్డ్ 1898లో మూడు అయస్కాంతాల బొమ్మ ఒకటి వేశాడు. ఒకటి నగరం, ఒకటి పల్లె, మూడోది రెండూ కలిసిన ఊరు. మొదటి రెండింటి మీదా మంచీ చెడూ రెండూ రాశాడు. తమాషా ఏమిటంటే "పనికి దూరం" అన్న మాట ఆయన నగరం మీద రాశాడు, పల్లె మీద కాదు. పల్లె మీద రాసిన లోపాల్లో ఒకటి మనుషుల తోడు లేకపోవడం. ఆ మూడో రకం ఊరు 1903లో లెచ్‌వర్త్‌లో కట్టడం మొదలుపెట్టారు, ఇవాళ్టికీ ఉంది.

చిన్న పట్నానికి ఉన్న బలం ఆ రెండూ కలవడమే. నడిచి వెళ్ళే దూరంలో మందుల షాపు, బడి, డాక్టరు, స్టేషన్ ఉంటాయి. సైకిలు మీద పావుగంట వెళ్తే పొలాలు వస్తాయి. కారు ఒకటి చాలు, కొన్ని ఇళ్ళకి అదీ అక్కర్లేదు. పొలం గట్టు మీద ఇల్లు ఉన్న కుటుంబంలో ఇద్దరు ఉద్యోగులుంటే రెండు కార్లు తప్పవు. రోజుకి 96 కిలోమీటర్లు అంటే ఏడాదికి 21 వేలు దాటుతుంది. లీటరుకి 15 కిలోమీటర్లిచ్చే కారుకి 1,400 లీటర్ల ఇంధనం. టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్సు, అయిదేళ్ళకే పాతబడే బండి కలిపితే తడిసి మోపెడవుతుంది. ఇంటి ధరలో మిగిలిందనుకున్నది రోడ్డు మీద పోయిందా లేదా అన్నది ఈ లెక్క రాసుకుంటే కానీ తెలియదు.

20, 25 కిలోమీటర్ల పల్లె చూడటానికి రెంటికీ మధ్యస్థంగా కనిపిస్తుంది. జాగ్రత్తగా చూడండి. నగరం పెరిగేది అటువైపే అయితే అయిదారేళ్ళలో మీ ముందు పొలం ప్లాట్లవుతుంది, రోడ్డు అదే ఇరుకు, బండ్లు నాలుగింతలు. పల్లె పోతుంది, పట్నం సౌకర్యం రాదు. అలాంటి చోట కొనేవాళ్ళు ఆ ప్రాంతం భూవినియోగ ప్లాను చూడకుండా సంతకం పెట్టకూడదు.

లోపలి పల్లె వారానికి ఒకటి రెండు రోజులు మాత్రమే వెళ్ళేవాళ్ళది, లేదా నెలకోసారి మొహం చూపిస్తే చాలనుకునే వృత్తులది. వాళ్ళకి అంతకంటే మంచిది లేదు, సందేహించకుండా వెళ్ళండి.

ఇక రెండు ఇళ్ళ సంసారం. ఒంటరి మనుషులకీ, పిల్లలు ఎదిగి వెళ్ళిపోయిన జంటలకీ కుదురుతుంది. చిన్నపిల్లలున్నవాళ్ళు మాత్రం రెంటికీ చెడ్డ రేవడి అవుతారు. సోమవారం తెల్లవారుజామున బయల్దేరే మనిషి శుక్రవారం రాత్రి చుట్టంలా వస్తాడు. శనివారమంతా కారిన కుళాయి, పెరిగిన గడ్డి. ఆదివారం మధ్యాహ్నానికే మళ్ళీ బ్యాగు సర్దుడు. గడ్డి విషయం నవ్వులాటకి చెప్పడం లేదు. పెద్ద పెరడు కావాలని వెళ్ళి, పెరడుకి కూలీగా మిగిలినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

కారా, రైలా?

అమెరికాలో 1840ల్లో రైల్వేలు రోజూ వచ్చే ప్రయాణికులకి ఛార్జీ తగ్గించి సీజన్ టికెట్లు ఇచ్చేవి. ఛార్జీని "కమ్యూట్" చేశారు కాబట్టి, అంటే తగ్గించారు కాబట్టి, ఆ జనం కమ్యూటర్లయ్యారు. మాట పుట్టింది రైల్లోనే. నా మొగ్గు కూడా అటే. కారులో గంట అంటే గంటా పోయినట్టే, చేతులూ కళ్ళూ రెండూ బందీ. రైల్లో సీటు దొరికితే అదే గంటలో నిద్రపోవచ్చు, చదువుకోవచ్చు, పని చేసుకోవచ్చు. "సీటు దొరికితే" అన్నది మర్చిపోకండి. రైలు మొదలయ్యే స్టేషనుకి దగ్గరుంటే రోజూ కూర్చుని వెళ్తారు. రెండు స్టేషన్లు ఇవతలుంటే పదిహేనేళ్ళు నిలబడి వెళ్తారు. ఇల్లు వెతికేటప్పుడు దీన్ని ఎవరూ అడగరు.

రైలు విషయంలో రెండు సంగతులు చూస్తే చాలు. ఎంతసేపటికొకటి ఉంది, ఆఖరిది ఎన్నింటికి. పావుగంటకొకటి ఉన్న లైన్లో రైలు తప్పిపోతే పావుగంట చిరాకు. గంటకొకటి ఉన్న లైన్లో తప్పిపోతే సాయంత్రమే పోతుంది. ఆఖరి రైలు తొమ్మిదింటికి అంటే మీ స్నేహాలన్నీ ఎనిమిదింటికి ముగుస్తాయి. నేను కారులోనే వెళ్ళేవాణ్ణి అనుకోండి, అయినా బండి సర్వీసుకిచ్చిన రోజొకటి ఆఖరి రైలు నా కళ్ళముందే కదిలిపోయింది. ప్లాట్‌ఫారం మీద దాని వెనక ఎర్ర దీపం చిన్నదవుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ రాత్రి ఒక సహోద్యోగి ఇంట్లో సోఫా మీద, మర్నాడు అదే చొక్కాతో ఆఫీసు.

కారే దిక్కయినవాళ్ళకి రెండు మాటలు. ఒకటి, నగరానికి ఏ వైపు అన్నది దూరం కంటే ముఖ్యం. హైవే మీద పది కిలోమీటర్లు ఎక్కువైతే గంటకి 80 వేగంతో ఏడున్నర నిమిషాలే. నగరంలో ఇరుకైన అయిదు కిలోమీటర్లు గంటకి 15 వేగంతో వెళ్తే 20 నిమిషాలు. ఆఫీసు ఉన్న వైపే ఊరు వెతుక్కుంటే నగరం మధ్యలోంచి దూరే పని తప్పుతుంది. కుదిరితే నగరానికి తూర్పున ఉండండి. పొద్దున పడమటికి వెళ్తారు, సాయంత్రం తూర్పుకి తిరిగొస్తారు, రెండుసార్లూ సూర్యుడు వీపు వైపే. నేను పడమట ఉన్నాను. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎండ సూటిగా కళ్ళలోకే. నాలుగేళ్ళు అద్దం మీది గీతలన్నీ లెక్కపెట్టాను.

రెండోది నిద్ర. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనం దాదాపు ఒకటేనని 1997లో ఆస్ట్రేలియాలో జరిగిన ప్రయోగంలో తేలింది. చాలా దేశాల్లో తాగి నడిపినట్టు లెక్కించే హద్దు అది. పొద్దున అయిదింటికి లేచి, ఆఫీసులో ఆలస్యమై, రాత్రి పదింటికి స్టీరింగ్ పట్టుకుంటే సరిగ్గా పదిహేడు గంటలు నిండినట్టు. అది కూడా దీపాల్లేని రోడ్డు మీద. నెలలో ఇలాంటి రాత్రులు మీకు ఎన్ని ఉంటాయో క్యాలెండరు తీసి చూసుకోండి. నాలుగైదు దాటితే లోపలి పల్లె మీకు కాదు.

ఇంట్లో మిగిలేవాళ్ళు

ప్రయాణం చేసే మనిషే నిర్ణయం తీసుకోవడం పెద్ద పొరపాటు. ఊళ్ళో రోజంతా ఉండేది ఇంకొకరు. వెళ్ళే మనిషికి సిటీలో కబుర్లూ, కారిడార్ నవ్వులూ దొరుకుతాయి. ఇంట్లో ఉన్న మనిషికి కొత్త ఊళ్ళో ఒక్కరూ తెలియదు. హోవర్డ్ పల్లె అయస్కాంతం మీద రాసింది ఈ లోపమే. మా ఇంట్లో ఈ మాట రెండో ఏడాది వచ్చింది. "నువ్వు సాయంత్రానికి ఇంటికొస్తున్నావు, నేను ఎక్కడికి రావాలి?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

పదేళ్ళలోపు పిల్లలకి పల్లె స్వర్గం. పదమూడు దాటాక స్నేహితులు, ట్యూషన్లు, ఆటలు అన్నీ ఇంకెక్కడో ఉంటాయి, అమ్మానాన్నలు డ్రైవర్లవుతారు. ఇప్పుడు మూడేళ్ళ పిల్లాణ్ణి చూసి ఇల్లు ఎంచుకుంటే పదేళ్ళ తర్వాత ఆ పిల్లాడే కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటాడు.

పెద్దవాళ్ళుంటే ఆసుపత్రి దూరం నిమిషాల్లో రాసుకోండి. పక్షవాతం వస్తే రక్తపు గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, ఎంత ముందైతే అంత మేలు. ఆ మందు ఇవ్వాలంటే ముందు స్కాన్ తీయాలి, అది లేని చిన్న ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నా లెక్కలోకి రాదు. గుండె ఆగిపోతే ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. మారుమూల ఇంటికి వెళ్ళేవాళ్ళు ఇంట్లో ఇద్దరైనా ఆ ఛాతీ నొక్కే పద్ధతి, సీపీఆర్, నేర్చుకుని వెళ్ళాలి. బెదిరించడానికి చెప్పడం లేదు, అది ఒక్క పూట పని.

ఇల్లు చూసేటప్పుడు

గోడలూ గదులూ అందరూ చూస్తారు, నేను వదిలేస్తున్నాను. నీళ్ళు చూడండి. బావో బోరో అయితే ల్యాబులో ఈ.కోలై (మలం కలిసిందని చెప్పే బాక్టీరియా), నైట్రేట్ పరీక్ష చేయించండి. పొలాల్లో వేసిన ఎరువు నేలలోకి దిగి నైట్రేట్‌గా నీళ్ళలో కలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకి 50 మిల్లీగ్రాములు. మరిగిస్తే పోతుందనుకోకండి, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. సీసాపాలు తాగే పసిపిల్లలకి ఇది మరీ ప్రమాదం. బావికీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య ఎంత దూరముందో అడగడం కాదు, నడిచి చూడండి. ట్యాంకు మూడు నుంచి అయిదేళ్ళకోసారి ఖాళీ చేయించాలి. ఎప్పుడు చేయించారని అడిగితే "ఆ అవసరం ఎప్పుడూ రాలేదు" అన్న జవాబొస్తే ఆ ఖర్చు మీ కోసమే ఆగి ఉందన్నమాట.

ఇంటి నుంచి పని అంటే నెట్ ఉండాలి. ఫైబర్ "వచ్చేస్తోంది" అన్న మాటకి విలువ లేదు, గోడలోకి వచ్చిన తీగకే విలువ. ఉపగ్రహం మీద ఆధారపడితే ఏ రకమో తెలుసుకోండి. పాత రకం ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట వెళ్ళి జవాబు రావడానికి అర సెకను పైనే పడుతుంది కాబట్టి వీడియో మీటింగులో అందరూ ఒకరి మీద ఒకరు మాట్లాడుతుంటారు. 550 కిలోమీటర్ల దగ్గర తిరిగేవాటితో ఆ బాధ లేదు, కానీ ఆకాశం చెట్లు అడ్డం లేకుండా కనిపించాలి. ఏ చెట్ల కోసం వెళ్ళామో ఆ చెట్లే అడ్డం.

ముందు ఒక వారం

ఇల్లు నచ్చిందా? అడ్వాన్సు ఇవ్వకముందు ఆ ఊళ్ళోనో, దాని పక్కనో ఒక గది తీసుకుని సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడి నుంచే ఆఫీసుకి వెళ్ళండి. సెలవు పెట్టకండి, సెలవు పెడితే పరీక్షే లేదు. వేసవిలో కాదు, పొద్దు తక్కువగా ఉండే నెలల్లో చేయండి. చీకట్లో బయల్దేరి చీకట్లో తిరిగొస్తే ఇల్లు ఎలా ఉంటుందో తెలియాలి. ప్రతి రోజూ గుమ్మం నుంచి గుమ్మానికి టైము రాసుకోండి. అయిదు రోజుల సగటు తీయకండి. అన్నిటికంటే చెడ్డ రోజు ఏదో చూడండి, ఆ రోజు ఎంతసేపు పట్టిందో అదే మీ దూరం. పిల్లల్ని తీసుకొచ్చే టైమూ, మీటింగులకి వేసుకునే టైమూ ఆ రోజుని బట్టే పెట్టుకోవాల్సి వస్తుంది.

ఆ వారం గట్టెక్కితే ఏడాది అద్దెకి దిగండి. ఒప్పందంలో ఒక వానాకాలం, ఒక చలికాలం రెండూ వచ్చేలా చూసుకోండి. సిటీలో సొంతిల్లు ఉంటే అమ్మకండి, అద్దెకివ్వండి. పల్లెలో ఇల్లు కొనడానికి నాకు మూడు వారాలు పట్టింది, అదే ఇల్లు అమ్మడానికి పద్నాలుగు నెలలు. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఆదివారం పొద్దున్నే వచ్చారు. "ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగితే నిజమే చెప్పాను.